పదమూడు పాయింట్ ఆరు

ఆ ఏడు మాఘమాసంలో మా చేల మీద రెండు గద్దలు తిరిగేవి. ఒకటి నల్లమల నుంచి వచ్చేది. రెండోది మా అన్న నరేష్ థర్మోకోల్‌తో చేసింది.

పొద్దుతిరుగుడు గింజ పాలు పోసుకునే రోజులవి. మా ఊరు పెద్దారవీడు దాటి కొండ వైపు పోతే వస్తుంది. తెల్లారేసరికి అడవి చిలుకలు వందలకొద్దీ దిగి, పువ్వుల మీద తలకిందులుగా వేలాడుతూ గింజలు ఒలుచుకు తినేవి. రేకు డబ్బాలు మోగిస్తే ఒక చేలోంచి లేచి పక్క చేలో వాలేవి. టపాకాయలకు రెండు రోజులే భయపడ్డాయి. అన్న గద్దను చూస్తే మాత్రం కొండ దాకా ఎక్కడా ఆగేవి కావు.

మార్కాపురంలో పాలిటెక్నిక్ చదివేటప్పుడు తిమోతి అనే స్నేహితుడి దగ్గర నేర్చుకున్నాడు ఆ పని. రెక్కలకు గోధుమరంగు పూసి, ముక్కు దగ్గర చిన్న మోటారు బిగించి, పొట్టలో బ్యాటరీ దూర్చి, గట్టు మీద నిలబడి రిమోటుతో ఆడించేవాడు. మొదటి రోజు బాలయ్య మామ తన చేని గట్టున చేతులు కట్టుకుని చూశాడు.

"ఇది గుడ్లు కూడా పెడతదా నరేషా?"

"పెడతది మామా. నీ తలపాగా తీసి పట్టుకో, అందులోనే పెడతది."

చుట్టూ ఉన్నవాళ్లు పడీ పడీ నవ్వారు. వారం తిరిగేసరికి ఆ నవ్వినవాళ్లే "మా చేని మీద గూడా ఒక చుట్టు తిప్పు నాయనా" అంటూ మా వాకిట్లోకి వచ్చారు.

ఒక్కో బ్యాటరీ పన్నెండు నిమిషాలు ఎగిరేది. ఉన్నవి రెండు. ఒకటి ఆకాశంలో ఉంటే రెండోది ఇంట్లో చార్జింగులో ఉండాలి. ఆ చార్జింగు పని అన్న నాకు అప్పగించాడు.

"అమ్మకు చెప్తే పొయ్యి మీద పప్పు మర్చిపోయినట్టు మర్చిపోతది. నాయన దీని మొహం గూడా చూడడు. నువ్వయితే పాలు పొంగేదాకా కన్నార్పకుండా చూస్తావు గదా కొండమ్మా," అన్నాడు.

నా పేరు మాలకొండమ్మ. ఊళ్లోనే పదో తరగతి దాకా చదివి ఇంటిపట్టున ఉన్నాను. జీవాల కొట్టం ఊడవడం, తల్లి లేని గొర్రెపిల్లలకు పాలు తాపడం, నీళ్లు మోయడం ఎవరూ నాకు అప్పగించిన పనులు కావు. అవి ఉన్న పనులు. నమ్మి ఒకరు నా చేతిలో పెట్టిన పని అదే మొదటిది.

చార్జరు అరచేతి కంటే కొంచెం పెద్దది. నల్లగా, ముందు నీలం తెర, దాని కింద నాలుగు మీటలు. అన్న దాన్ని వసారాలో నా ముందు పెట్టి కూర్చున్నాడు.

"ఇది ఒక జాతి బ్యాటరీలకే కాదు, నాలుగైదు జాతులకు పనికొస్తది. అదే దీని గొప్ప. దీంతో భయం గూడా అదే. లైపో అంటే మనది. పీబీ అంటే సీసం బ్యాటరీ, మోటారుసైకిల్లో ఉంటది చూడు, అది. నువ్వు ఏ జాతి అని చెప్తే ఇది అదే నమ్ముతది. తప్పు చెప్పినావనుకో, నిన్ను అడగదు. తప్పే చేసుకుంటా పోతది."

"ఎట్ల చెప్పాల?"

"మొదట జాతి. తర్వాత లోపల గదులెన్ని. మనదానికి మూడు. తర్వాత కరెంటు ఎంత పోవాల. అప్పుడు ఈ లావు వైరు, ఈ సన్న తెల్ల ప్లగ్గు, రెండూ పెట్టాల. పన్నెండు పాయింట్ ఆరు వచ్చిందంటే దాని కడుపు నిండినట్టు. కుయ్యిమని కూస్తది. అంతకు మించి ఒక్క మెతుకు పట్టదు దానికి."

ఇంకా చెప్పాడు. ఎగిరొచ్చిన బ్యాటరీ చేతికి వెచ్చగా తగులుతుంటే చల్లారేదాకా ఆగాలి. పైన గుడ్డ కప్పకూడదు. చార్జింగులో ఉన్నంతసేపు వదిలి పోకూడదు. కాస్త ఉబ్బినట్టు కనిపించినా ఇంక దాన్ని వాడకూడదు, మంట వస్తుంది. అంచు పగిలిన పాత బానలో ఇసుక పోసి, పలక బండ మీద పెట్టి, బ్యాటరీని అందులో ఉంచి చార్జింగు చేయమన్నాడు.

అమ్మ గడప దగ్గర నిలబడి చూసి, "పురుడు పోసుకున్నదానికి గూడా ఇంత పత్తెం ఉండదు గదరా," అంది.

 నాయనకు జీవాలే లోకం. ఆదెయ్య మంద అంటే చుట్టుపక్కల ఊళ్లలో తెలుసు. గద్ద నీడ మంద మీద పడినప్పుడు మాత్రం కర్ర పైకెత్తి అరిచేవాడు. "ఒరే, ఈ పక్క తిప్పబాక! చూడి గొర్రెలు బెదురుతన్నాయి!"

ఆ వారంలోనే ఒక గొర్రెకు కడుపు ఉబ్బింది. కోసిన కంది చేలో రాలిన గింజలు మెక్కి, కాళ్లు చాచి పడిపోయింది. తాపిన నూనె పనిచేయలేదు. నేను తల పట్టుకున్నాను. నాయన ఎడమ డొక్క మీద వేళ్లు ఆనించి కొలిచాడు. బొటనవేలితో తట్టి, చెవి పెట్టి విన్నాడు. గోతాలు కుట్టే డబ్బణాన్ని నిప్పుల్లో కాల్చి తెచ్చి, ఒకే ఒక్క పోటు. బుస్సుమని గాలి పోయింది. సాయంత్రానికి ఆ గొర్రె లేచి నెమరు వేస్తోంది.

"ఏం లేదమ్మా, గాలి. దానికి బయటికి తోవ తెలీక లోపల చంపుతా ఉంటది," అన్నాడు చేతులు కడుక్కుంటూ. ఆ పోటు కోసం దోర్నాల దాకా పిలుచుకుపోయేవాళ్లు ఆయన్ని.

బాలయ్య మామ మందు కొట్టే పంపుకు బ్యాటరీ ఉంది. దాని చార్జరు కాలిపోయింది. మార్కాపురం పోయి కొత్తది తెచ్చుకునే తీరిక లేక, పంపు భుజాన వేసుకుని మా వసారాలోకి వచ్చాడు. అన్న సరేనన్నాడు.

"ఇది సీసందే. పీబీలో పెట్టు. తీసినాక మళ్లీ లైపోకు మార్చు. ఇది పోయినసారి చెప్పిందే మనసులో పెట్టుకోనుంటది. అందుకని మొదలుపెట్టే ముందు తెర మీద చదువు. పైకి చదువు కొండమ్మా, లోపల కాదు."

నేను ప్రతిసారీ పైకి చదివేదాన్ని. "లైపో, మూడు." "పీబీ, ఆరు." మామ పంపు సంగతి తెలిసి ఇంకో ఇద్దరు పంపులు తెచ్చారు. మా వసారా చిన్న ఆసుపత్రిలా తయారైంది. వాళ్లు నన్ను కరెంటు డాక్టరమ్మ అనడం మొదలుపెట్టారు. పైకి ఏమీ అనేదాన్ని కాదు గానీ, ఆ మాట నాకు బాగుండేది. తల దువ్వుకుని జడ వేసుకుని మరీ ఆ బాన ముందు కూర్చునేదాన్ని.

శివరాత్రి ఇంకో వారం ఉందనగా ఒక ఉదయం బాలయ్య మామ, ఆ ఇద్దరూ వసారాలోనే కూర్చుని ఉన్నారు. మామ పంపు అప్పుడే నిండింది. వైర్లు తీసి ఇచ్చి, చల్లారిన మా బ్యాటరీని బానలో పెట్టాను. లావు వైరు, తెల్ల ప్లగ్గు పెట్టాను. చదవబోతుంటే మామ పక్కవాళ్లతో, "ఇనండి, ఇప్పుడు మంత్రం చదువుతది," అన్నాడు.

నవ్వారు. చెడ్డ నవ్వు కాదది. అయినా నాకు సిగ్గేసింది. చదవకుండానే మీట నొక్కాను.

వాళ్లు వెళ్లిపోయాక కొట్టం వైపు నుంచి అరుపులు వినిపించాయి. తడిక వాలి గొర్రెపిల్లలన్నీ తల్లుల వాసన పట్టుకుని బయటపడ్డాయి. అమ్మ చేనికి పోయింది. నేను పరుగెత్తాను. వాటిని ఏరి, చంకన వేసుకుని, లోపల వదిలి, తడిక కట్టి వచ్చేసరికి పావుగంట దాటింది.

తెర మీద 13.6 అని ఉంది. దాని పక్కన పీబీ.

ఇటుకలా పలకగా ఉండాల్సిన బ్యాటరీ పూరీలా పొంగి ఉంది. గోడ దగ్గర ప్లగ్గు పీకాను. ఆగాను. తర్వాత వైర్లు తప్పించి, బానను అట్లాగే వాకిలి దాటించి రాతి గోడ పక్కన పెట్టి, దూరంగా నిలబడ్డాను. ఏమీ కాలేదు. చల్లారింది. ఉబ్బు మాత్రం తగ్గలేదు.

వసారాలోకి వచ్చి చార్జరును మళ్లీ తగిలించి, పీబీ ఉన్నచోట లైపో అని మార్చాను. ఎందుకు మార్చావని అప్పుడు ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేదాన్ని. ఇప్పుడు చెప్పగలను.

అన్న వచ్చి బాన దగ్గర వంగి చూశాడు.

"నిన్న గద్ద కంది మోళ్ల మీద పడింది గదా, అప్పుడే లోపల నలిగుంటది. చూసుకోకుండా నీకిచ్చినా. నాదే తప్పు," అన్నాడు.

నేను అవునని అనలేదు. కాదనీ అనలేదు.

"ఎవరూ ముట్టబాకండి. ఉప్పునీళ్లలో నానబెట్టి పారేయాల. రేపు చూస్తా," అని, మిగిలిన ఒక్క బ్యాటరీతో చేలోకి పోయాడు.

మర్నాడు చూడలేదు. చిలుకలు ఊపిరాడనివ్వలేదు. గద్ద పన్నెండు నిమిషాలు ఎగిరి దిగితే, మళ్లీ లేవడానికి గంట దాటేది. రెండు రోజుల్లోనే చిలుకలు ఆ సంగతి కనిపెట్టాయి. గద్ద దిగగానే అడవి నుంచి వచ్చేవి. కొత్త బ్యాటరీ రావడానికి పది రోజులు పడుతుందని తిమోతి ఫోనులో చెప్పాడు. పది రోజుల్లో గింజ ముదిరిపోతుంది.

"మీ గద్ద గవర్నమెంటు ఉద్యోగంలో చేరిందా నరేషా? పని కంటే విరామం ఎక్కువైంది," అన్నాడు బాలయ్య మామ. ఈసారి ఎవరూ నవ్వలేదు. గింజలు పోయి అందరి చేలూ అంచుల నుంచి తెల్లబడుతున్నాయి. అన్న అన్నం సగంలో వదిలి లేచిపోయేవాడు. నాకు అసలు ముద్ద దిగేది కాదు.

నాలుగో రోజు పొద్దు వాలేవేళ, మంద తోలుకొచ్చి నాయన పిల్లల్ని తల్లులకు వదులుతున్నాడు. నేను ఊరికే పక్కన నిలబడ్డాను.

"ఏందమ్మా, నాలుగు రోజులుగా నీ కంచంలో బువ్వ పెట్టింది పెట్టినట్టే ఉంటాంది?"

చెప్పాను. పీబీ, లైపో ఆయనకు అర్థమయ్యే మాటలు కావు. గొర్రెకు పెట్టాల్సిన మేత కోడికి పెట్టినట్టు అన్నాను. తెర మీద మార్చేసిన సంగతి కూడా చెప్పాను. ఆయన చేతిలో ఉన్న పిల్లను తల్లి కిందికి తోసి, నా వైపు తిరిగాడు.

"దీనికేనా బువ్వ మానేసింది?"

"అన్నకు చెప్పలేదు నాయనా."

"చెప్తే ఏమంటాడు వాడు? కొడతాడా? కొట్టడు. ఇంక ఆ కరెంటు డబ్బా నిన్ను ముట్టనియ్యడు. అదే గదా నీ బాధ?"

నాకు నేను కూడా చెప్పుకోని మాట అది. తల ఊపాను.

ఆయన కాసేపు ఆలోచించాడు. "ఉబ్బింది అంటన్నావు. లోపల ఏం చేరింది?"

"గ్యాస్ అని అన్న చెప్పినాడు."

"అంటే గాలేనా?"

"గాలే నాయనా. కానీ ముట్టొద్దన్నాడు, మంట వస్తదంట."

"కరెంటు తీసేసి నాలుగు రోజులాయె. ఇంక మంట యాడ నుంచి వస్తది?" అన్నాడు. "సర్లే, పోయి తిను. పొద్దున చూద్దాం."

ఆ మాట నాకు నచ్చింది. ఎవరో ఒకరు పొద్దున చూస్తారంటే ఆ పూట హాయిగా అనిపించింది. ఆ పూట రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

తెల్లారి నేను నీళ్లకు పోయాను. అన్న అప్పటికే చేలో ఉన్నాడు. రెండు బిందెలతో వాకిట్లోకి వచ్చేసరికి నాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. అప్పుడే వదిలిన పిల్లలు ఆయన చుట్టూ గెంతుతున్నాయి. ఒకటి ఆయన భుజం మీది తువ్వాలు నములుతోంది. బ్యాటరీ ఆయన మోకాలి మీద ఉంది. ఉబ్బిన చోట బొటనవేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. కుడిచేతిలో డబ్బణం.

"నాయనా," అన్నాను. నా గొంతు ఎప్పుడూ చిన్నదే.

ఆయన తలెత్తి నవ్వాడు. "ఒక్క నిమిషం తల్లీ."

పచ్చి కట్టె పొయ్యిలో పెట్టినప్పుడు వచ్చేలాంటి సన్నని చప్పుడు. తెల్ల పొగ. ఆ పొగలోనే మంట. విసిరేస్తే ఏదో ఒక పిల్ల మీద పడుతుంది. ఆయన విసిరేయలేదు. రెండు చేతులతో పొదివిపట్టుకుని లేచి, పిల్లల మధ్య నుంచి దారి చూసుకుంటూ నడిచి, రాతి గోడ దాకా పోయి, అవతలికి వేశాడు.

పది అడుగులు. ఆ తర్వాత చాలాసార్లు నడిచి చూశాను. పదే.

బాలయ్య మామ ఆటో మాట్లాడుకొచ్చాడు. నాయన చేతుల మీద తడి పంచె కప్పి, నేను ఒక పక్క, అమ్మ ఒక పక్క కూర్చున్నాం. అన్న బండి మీద ముందు పోతూ వెనక్కి వెనక్కి చూస్తున్నాడు. అమ్మ ముందు సీట్లో కూర్చున్న మామతో ఏడుస్తూ ఏదో చెప్తుంటే, నాయన నా చెవి దగ్గరికి వంగాడు. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది.

"ఆ డబ్బా సంగతి ఎవరికీ చెప్పబాక."

"నాయనా..."

"మీ అన్న మగోడు. నాలుగు తిట్లు తిన్నా అరుగుతాయి వాడికి. నీకు అరగవు. గమ్మునుండు."

మార్కాపురంలో కట్టు కట్టి ఒంగోలు పంపారు. అక్కడ నెల మీద పది రోజులు ఉన్నాడు. అమ్మ ఆయన దగ్గరే ఉంది. బడి మానేసిన నాకు ఇల్లు, చదువుకున్న అన్నకు మంద మిగిలాయి. అన్న ఉదయాన్నే నాయన కర్ర పట్టుకుని జీవాలను తోలుకుపోయేవాడు. వాటికి అతని గొంతు కొత్త. పిలిచిన వైపు వచ్చేవి కావు. ముళ్ల కంచెల్లో పడి లాక్కొచ్చేవాడు.

ఊళ్లో ఎవరడిగినా ఒకటే చెప్పేవాడు. "ఉబ్బినదాన్ని నాలుగు రోజులు ఇంట్లో పెట్టుకున్నా. ఆ రోజే పారేసుంటే ఇట్ల అయ్యేదా? నా వల్లే."

గద్దను అటక మీద పెట్టేశాడు. చార్జరు, రిమోటు తిమోతి వచ్చి తీసుకుపోయాడు. చిలుకలు తిన్నంత తిని వెళ్లాయి. మిగిలిన పువ్వుల్ని జనం కోసి కళ్లాల్లో కొట్టుకున్నారు. ఒక్క బాలయ్య మామ మాత్రం ఒకసారి బట్టల కోసం వచ్చిన అమ్మతో, "పిల్లోడ్ని ఏమనబాక చెల్లెలా," అన్నాడు.

అమ్మ అనకుండా ఉండలేకపోయింది.

"గద్ద గద్ద అని ఎగిరినావు. ఆఖరికి మీ నాయన చేతులు తన్నుకుపోయింది గదరా అది," అంది అన్నతో, మూట కడుతూ. "ఆయన చెయ్యి పడితే చచ్చే గొర్రె లేచేది. ఇప్పుడు ఆయన మూతి తుడుచుకోవాలన్నా నేను గావాల."

అన్న గోడకు ఆనుకుని వింటున్నాడు. నేను పొయ్యి ముందు ఉన్నాను. చెప్పబాక అని నాయన అన్న మాట చెవిలోనే ఉంది. పొయ్యిలోకి ఇంకో పుల్ల తోశాను. అమ్మ ఆటో ఎక్కింది.

ఉగాది వెళ్లాక నాయనను ఇంటికి తెచ్చారు. ఎడమచెయ్యి కొంత నయం. కుడిచేతి వేళ్లు మూడు ఒకదానికొకటి అతుక్కుని, బొటనవేలు లోపలికి ముడుచుకుంది. ఆయన వసారాలో కూర్చుని, ముందుకొచ్చిన గొర్రెపిల్లల్ని ముంజేతులతో నిమిరేవాడు. ఆ నిమురుడు చాలక అవి పక్కకు పోయేవి.

అమ్మ అన్నకు కంచం పెట్టే తీరు మారింది. నేల మీద పెట్టి, మొహం చూడకుండా లోపలికి పోయేది. ఇంకాస్త కావాలా అని అడిగేది కాదు. అతనూ అడిగేవాడు కాదు. సగం కడుపుతో లేచి మంద దగ్గరికి పోయేవాడు. నాకు మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వన్నా సరిగ్గా తినవే" అని వడ్డించేది. ఆ నెయ్యి ముద్దను నేను కంచం అంచుకు నెట్టేదాన్ని.

ఒక మధ్యాహ్నం అందరం తింటున్నాం. అమ్మ నాయనకు ముద్దలు పెడుతోంది. అన్న కంచంలో చారు నీళ్లు తప్ప ఏమీ లేవు. అతను వేళ్లు నాకి లేవబోతున్నాడు.

"అమ్మా," అన్నాను. "అన్న తప్పేం లేదు. పీబీ నుంచి మార్చకుండా నేనే పెట్టినా. సిగ్గుపడి చదవలేదు. వదిలేసి కొట్టంలోకి పోయినా. అది ఉబ్బింది నా వల్ల. నాయనకు గాలే అని చెప్పింది నేనే."

ముద్ద అమ్మ చేతిలోనే ఆగింది. మెతుకులు ఒకటి రెండు కింద పడ్డాయి. ఆమె నన్ను చూడలేదు, నాయనను చూసింది.

"ఏందయ్యా ఇది?"

"అన్న మీద పేమతో చెప్తాంది," అన్నాడు నాయన. "నువ్వు రోజూ వాడ్ని చూసే చూపు చూడలేక చెప్తాంది. నమ్మబాక."

"లేదమ్మా, నిజం. తెర మీద మార్చింది గూడా..."

"కొండమ్మా!" నాయన అంత గట్టిగా నన్ను పిలవడం అదే మొదలు. తర్వాత అమ్మ వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "డబ్బణం పట్టుకుంది ఎవరే? నేను. వాడు పట్టుకోమన్నాడా? అది పట్టుకోమందా? ముట్టొద్దంటే ముట్టింది నేను. తిడితే నన్ను తిట్టు. లేదా ఆ ముద్ద పెట్టు, ఆకలిగా ఉంది."

అమ్మ మా ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. ఏం నమ్మిందో తెలియలేదు. ముద్ద ఆయన నోట్లో పెట్టి, ఇంకో ముద్ద కలిపింది.

నేను చెయ్యి కడుక్కోవడానికి బయటికి వచ్చాను. అన్న అప్పటికే లేచొచ్చి తొట్టి దగ్గర నిలబడి ఉన్నాడు. చెంబు వంచి చేతి మీద నీళ్లు పోసుకుంటున్నాడు గానీ కడుక్కోవడం లేదు.

"ఎంత చూపించింది?"

"పదమూడు పాయింట్ ఆరు."

అతను కళ్లు మూసుకున్నాడు. నా మాట నిజమా కాదా అని ఇంక అడగలేదు. పక్కనున్న రాయి మీద కూర్చున్నాడు.

"ఇంకాసేపు కొట్టం కాడే ఉండుంటే, నువ్వొచ్చి వంగి చూసేటప్పుడు మొహాన పేలుండేది," అన్నాడు చివరికి. అతని గొంతు వణికింది. ఇన్నాళ్లూ తిట్లు పడ్డప్పుడు ఒక్కసారి కూడా వణకని గొంతు.

"తిట్టు అన్నా."

తల అడ్డంగా ఊపాడు. "అమ్మకు మళ్లీ చెప్పబాక."

"ఎందుకు? నువ్వు సగం కడుపుతో..."

"నన్ను తిట్టడం ఆమెకు చేతనైతది. నిన్ను తిట్టాల్సొస్తే ఏం చెయ్యాలో ఆమెకు తెలీదు. ఎవురినో ఒకరిని తిట్టుకుంటే గదా ఆయన చేతుల్ని కడగగలుగుతాంది." లేచి తడిక తీశాడు. మంద బిలబిలమంటూ బయటికి వచ్చింది. ఇప్పుడవి అతని వెంట పోతున్నాయి.

ఆ సాయంత్రం అమ్మ నూనె గిన్నె, దువ్వెన తెచ్చుకుని అరుగు మీద కూర్చుంది. "రా," అంది. ఆమె ముందు కింద కూర్చున్నాను. చాలా రోజులుగా సరిగ్గా దువ్వుకోక నా జుట్టు చిక్కుపడి ఉంది. పైనుంచి దువ్వుతూ వచ్చి, మెడ దగ్గర చిక్కు తగలగానే ఆగింది. దువ్వెన అందులో గుచ్చి గట్టిగా లాగింది. నా తల వెనక్కి వాలి ఆమె మోకాలికి తగిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఎప్పుడూ అట్ల లాగదు అమ్మ.

నేను అబ్బా అనలేదు. తల మళ్లీ నిటారుగా పెట్టుకుని, ఇంకోసారి లాగుతుందని మెడ బిగబట్టుకుని కూర్చున్నాను. లాగితే బాగుండుననుకున్నాను. వెనక ఆమె ఊపిరి వినిపిస్తోంది. దువ్వెన కింద పెట్టిన చప్పుడైంది. ఆమె వేళ్లు ఆ చిక్కులోకి వచ్చి, ఒక్కొక్క వెంట్రుకనే విడదీయడం మొదలుపెట్టాయి.